ఎవరూ పిలవని ఫైలు

స్టోర్ రూమ్ కంప్యూటర్లో నడిచే మెస్ ప్రోగ్రాం ఎవరు రాశారని కొత్తగా చేరిన తమ్ముళ్లు అడుగుతుంటారు. ఎం.సి.ఎ.లో ప్రాజెక్టు కోసం మేము ముగ్గురం రాశాం. గొప్ప చెప్పుకోవడానికి కాదు, అది చేసిన తప్పు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

వెబ్ అప్లికేషన్ ఏది రాసినా కొన్ని పనులు తప్పవు. ఏ అడ్రసు కొడితే ఏ పేజీ రావాలి, డేటాబేస్‌లోంచి లెక్క ఎలా తేవాలి, ఫారం తప్పుగా నింపితే ఏం చెప్పాలి. వీటిని ముందే రాసిపెట్టిన చట్రమే ఫ్రేంవర్క్. బయట మంచివి ఎన్నో ఉన్నా మేము సొంతంగా చిన్నది ఒకటి తయారుచేశాం. కుర్రతనం! ఫైలు పేరు 'ఆటో' అని మొదలైతే చాలు, ఎవరూ పిలవకుండానే అది నడుస్తుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ సారు మెచ్చుకున్నది సరిగ్గా దాన్నే.

సంక్రాంతి సెలవుల తర్వాత దాని సంగతి బయటపడింది. ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చిన తేదీ రాయకపోతే ఇంకా రానట్టే లెక్కగట్టే ఫైలు ఒకటి ఆ పేరుతో ఉంది. ఆ రాత్రి హాస్టల్లో 84 మంది ఉంటే కంప్యూటరు 61 అంది. కంప్యూటరు లెక్క కదా అని అంతమందికే బియ్యం తూచి ఇచ్చారు. లైనులో చివర నిలబడ్డ 23 మందికి వంటక్క తొమ్మిదిన్నరకి ఉప్మా చేసి పెట్టింది.

డిగ్రీ ఫస్టియర్ తమ్ముడొకడు అర్ధరాత్రి దాకా కోడంతా వెతికి ఫోన్ చేశాడు. "అన్నా, ఈ ఫైలును ఎక్కడా పిలవలేదు కదన్నా, మరి ఎట్లా నడుస్తోంది?"

జవాబు మా దగ్గరే ఉంది. ఇంకెక్కడా రాసిలేదు.

మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఇంటర్లో మాలో ఒకడి స్కాలర్‌షిప్ ఫారం రెండుసార్లు తిరిగొచ్చింది. ఎందుకో ఫారం మీద లేదు, తెలిసినవాళ్లకి మాత్రం తెలుసు. అడగడానికి మనిషి లేనివాడికి రాయని రూలు ఎంత ఖరీదో అనుభవించి కూడా మేమే ఒకటి తయారుచేశాం.

ఆ తర్వాతే జాంగో కథ చదివాం. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్లో ఒక పత్రికాఫీసు పనికోసం పుట్టిన ఫ్రేంవర్క్ అది. 2005 జులైలో అందరికీ ఉచితంగా ఇచ్చారు. మొదట్లో దానిలోనూ ఇలాంటి కనికట్టే ఉండేది. మనం మన ఫోల్డర్లో రాసుకున్న కోడు, పేరు చివర బహువచనం తగిలించుకుని జాంగో సొంత ఫోల్డర్లో ఉన్నట్టు కనిపించేది. రాసింది ఒకచోట, తెచ్చుకునేది ఇంకోచోట. 2006లో 'మ్యాజిక్ రిమూవల్' అని పేరుపెట్టి మరీ దాన్ని తీసేశారు. జులైలో వచ్చిన 0.95 వెర్షన్ నుంచి, ఎక్కడ రాస్తే అక్కడినుంచే తెచ్చుకోవాలి. పాత కోడు రాసినవాళ్లంతా మార్చుకోవలసి వచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు.

మాలో ఒకడు చివరిదాకా ఒప్పుకోలేదు. "సారు మెచ్చుకున్నదాన్ని తీసేస్తే ఇంక మనదంటూ ఏముందిరా?" అన్నాడు. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు వాడే వచ్చి 'ఆటో' ఫైళ్లు చెరిపాడు.

ఇప్పుడు ఏ అడ్రసుకు ఏ కోడు నడుస్తుందో ఒకే ఫైల్లో వరసగా ఉంటుంది. తేదీ ఖాళీగా ఉంటే ప్రోగ్రాం తనే ఊహించుకోదు, "వచ్చాడా, లేదా?" అని అడుగుతుంది. కోడు పెరిగింది, చూడ్డానికి మోటుగా కూడా ఉంది.

మొన్న వచ్చినప్పుడు చూస్తే ఆ వరసలో మేము రాయని లైను ఒకటి కనపడింది. గుడ్ల లెక్కకి ఆ తమ్ముడే కొత్త పేజీ పెట్టుకున్నాడు. మాకు ఫోనైనా చేయలేదు. ఎగ్స్ స్పెల్లింగు తప్పు, అడ్రసులోనూ అదే తప్పు. మేము ముట్టుకోలేదు.