పెద్దమ్మ చంద్రహారం

మావారు టీవీలో కబడ్డీ చూస్తూ "పట్టేశాడోయ్!" అని కేక పెట్టినప్పుడల్లా వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోతుంది. ఆటమీద మోజుకొద్దీ కాదు లెండి. నాకు మా పెద్దమ్మ చంద్రహారం గుర్తొస్తుంది. కబడ్డీకీ చంద్రహారానికీ ఏమిటే సంబంధం అంటారా? ఉందండీ, చెబుతాను.

మాది బందరు. కాగితాలమీద మచిలీపట్నం అని రాసుకుంటాంగానీ అక్కడ పుట్టినవాళ్ల నోట ఆ మాట రాదు. మా పెదనాన్నకి రెండు పిచ్చులుండేవి. ఒకటి చెడుగుడు, రెండోది ఊరు. ఉద్యోగం లేదా అంటే ఉంది, ఓ ఆఫీసులో గుమాస్తా. ఆయన చేసే పనులన్నిటిలోకీ అదే చిన్నది. వీధి కుళాయి ఎండిపోతే మునిసిపాలిటీకి అర్జీ రాసేదీ, ఎవరింట్లో పెళ్లైనా పందిరి గుంజలు పాతించేదీ, ఎవరు పోయినా ముందుగా వెదుళ్లకి పరుగెత్తేదీ ఆయనే. సాయంత్రమయ్యేసరికి పంచె ఎగ్గట్టి, ఇసకలో గీతలు గీసి, వీధిలో కుర్రాళ్లని రెండు జట్లు చేసేవాడు. ఆయన ఏ బళ్లోనూ పాఠం చెప్పకపోయినా వాళ్లందరికీ "మాస్టారే".

నేనూ ఆడతానన్నాను ఓసారి. నాకప్పుడు పదేళ్లు. పెదనాన్న నవ్వి, "గ్రౌండు దగ్గర గదేదీ లేదు, ఆడపిల్లవి బట్టలెక్కడ మార్చుకుంటావమ్మడూ?" అని చేతిలో పలకా బలపం పెట్టి పాయింట్లు రాయమన్నాడు. రాశాను. వాకిట్లో బియ్యం ఏరుకుంటున్న పెద్దమ్మ తలెత్తి ఆయన్నీ నన్నూ చూసి, ఏమీ అనకుండా మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టింది.

ప్రతి ఆగస్టు పదిహేనుకీ పెదనాన్న మమ్మల్ని కోనేరు సెంటరుకి తీసుకెళ్లేవాడు. లడ్డు ఆశ చూపించి తీసుకెళ్లి, ముందు కథ చెప్పేవాడు. 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, తోట నరసయ్యనాయుడుగారు అక్కడే జెండా ఎగరెయ్యబోతే పోలీసులు లాఠీలతో చావగొట్టారు. జెండా వదలమన్నారు, వదల్లేదు. ఒళ్లు తెలియకుండా పడిపోయేదాకా కొడుతూనే ఉన్నారు. "ఆయన వస్తాదు అమ్మడూ! తలుచుకుంటే ఇద్దర్ని చెరో చేత్తో ఎత్తి అవతల పారేసేవాడు. చెయ్యి లేపలేదు. పట్టూ వదల్లేదు. అదీ ఆటంటే!" అనేటప్పటికి పెదనాన్న గొంతు జీరబోయేది. ఆ జెండాకి రూపం కల్పించిన పింగళి వెంకయ్యగారు మన ఊరి జాతీయ కళాశాలలోనే పనిచేశారని కూడా చెప్పి, అప్పుడు లడ్డు కొనేవాడు.

ఇంటికొచ్చి నేను ఆ కథంతా ఒప్పజెబితే పెద్దమ్మ చాట చెరుగుతూ, "పట్టు వదలని మగాళ్ల ఇళ్లల్లో సంసారం ఎవరు పట్టుకున్నారో అది కూడా చెప్పమనవే మీ పెదనాన్నని" అనేది. మీరే చెప్పండి, ఆవిడన్నదాంట్లో తప్పేముందీ?

ఇక హారం సంగతి. గుడివాడలో పోటీలున్నాయి. ఖర్చు పెట్టుకుంటానన్న పెద్దమనిషెవరో ముందురోజు మొహం చాటేశాడు. కుర్రాళ్లు కొత్త బనీన్లు కూడా కుట్టించుకున్నారు. పెదనాన్న వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెంబుడు మంచినీళ్లడిగాడు. తాగాడు. మళ్లీ అడిగాడు. రెండో చెంబుకి పెద్దమ్మకి అర్థమైపోయింది. మాట్లాడకుండా వెళ్లి, పుట్టింటివాళ్లు పెట్టిన చంద్రహారం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అది తాకట్టు కొట్టుకి వెళ్లింది. జట్టు పాసింజరెక్కి, పెడన, కవుతరం దాటి గుడివాడ వెళ్లింది. మొదటి ఆటలోనే ఓడిపోయి అర్ధరాత్రికి ఇంటికొచ్చింది.

"ఓడిపోయారుగానీ, మావాళ్లు బాగా ఆడారే" అన్నాడు పెదనాన్న.

"నా హారం కూడా బాగానే ఆడిందిలెండి" అంది పెద్దమ్మ. ఆ తరవాత పదిరోజులు ఇద్దరికీ మాటల్లేవు. "మీ పెదనాన్నని అన్నానికి రమ్మను", "మీ పెద్దమ్మని చారు వెయ్యమను" అని మధ్యలో నేనొక పోస్టుమాన్ని. వడ్డీమీద వడ్డీ పెరిగి హారం ఆ కొట్లోనే ఉండిపోయింది.

1977 నవంబరు 19, శనివారం. ఆ గాలి గురించి చెప్పడానికి నాకిప్పటికీ నోరు రాదు. బందరుకి ఉప్పెన కొత్త కాదు. 1864 ఉప్పెనలో ముప్ఫైవేలమంది పోయారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఈసారి సముద్రం దివిసీమ మీద పడింది. ప్రభుత్వం లెక్కే పదివేలు. అసలు లెక్క అంతకంటే ఎక్కువని ఆ వైపువాళ్లు అంటారు. రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో తిరగడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

పెదనాన్న తన కుర్రాళ్లని వెంటేసుకుని పులిగడ్డ అక్విడెక్టు దాటి అవనిగడ్డ వైపు వెళ్లాడు. పద్ధెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు. అక్కడ ఏం చేశారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఎన్నో ఏళ్లయ్యాక వాళ్లలో ఒకడు మా ఇంటికి భోజనానికొచ్చి చెప్పాడు. నీళ్లు నిలిచిన పొలాల్లో, తుమ్మచెట్లకి తట్టుకుని మనుషులూ, పశువులూ. తీసి ఖననం చెయ్యాలి. మాస్టారు ఎవర్నీ ఒంటరిగా వెళ్లనిచ్చేవారు కాదట. చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి పట్టడానికి ఎవరెవరు చేతులు కలిపి నిలబడేవారో, ఆ జతల్నే చేతులు వదలకుండా నీళ్లలోకి నడిపించారట. "శవం దగ్గర ఒక్కడివే ఉండకూడదురా" అనేవారట. ఆ అబ్బాయి విస్తట్లో అన్నం కలుపుతూనే ఉన్నాడుగానీ ముద్ద ఎత్తలేదు.

ఇక్కడ మా పెద్దమ్మ పెట్టె తెరిచింది. వీధిలో ఆడవాళ్లు దివిసీమకి చీరలిస్తున్నారు, కట్టి కట్టి వెలిసినవీ, చిరిగినవీనూ. పెద్దమ్మ అవన్నీ తిప్పికొట్టింది. "వాళ్లు కట్టుబట్ట కూడా పోగొట్టుకున్నారే, మనం పారేసేవి కాదు ఇవ్వాల్సింది" అని తన నేతచీరలన్నీ మూట కట్టేసింది. మిగిలినవి పెళ్లిపట్టుచీరా, మరో రెండు పట్టువీను. అవి అక్కడెవరికి పనికొస్తాయి? అందుకని మూణ్ణెల్లపాటు మా పెద్దమ్మ జరీ అంచు పట్టుచీర కట్టుకుని పిడకలు విరిచింది, కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడింది. "ఏం వదినగారూ, పేరంటమా?" అని ఎవరో హాస్యమాడితే, "అవునమ్మా, దివిసీమలో" అంది.

పెదనాన్న తిరిగొచ్చిన రోజు పొయ్యి దగ్గర ఆ చీరలో ఉన్న ఆవిణ్ణి చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. పెద్దమ్మ చెంబుడు నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన అడక్కుండానే రెండో చెంబు కూడా తెచ్చింది.

1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో మొదటిసారి కబడ్డీ పెట్టి, మనవాళ్లు బంగారు పతకం తెచ్చినరోజు పెదనాన్న వీధంతా లడ్డు పంచాడు. "ఈసారి ఎవరి హారం?" అంది పెద్దమ్మ. ఆయన నవ్వాడుగానీ జవాబు చెప్పలేదు. ఆ తరవాత ఎంతోకాలం బతకలేదు.

సంవత్సరీకాలకి పాత కుర్రాళ్లంతా వచ్చారు. కొందరికి జుట్టు నెరిసింది. మాస్టారి పేర పోటీలు పెడతాం, వెండి కప్పు చేయిస్తాం అన్నారు. పెద్దమ్మ అంతా విని, "కప్పులెందుకురా, గ్లాసులకే దిక్కులేదు. ఆ గ్రౌండు పక్కన ఆడపిల్లలకి నాలుగు గోడలూ, ఓ తలుపూ కట్టించండి. గది లేదనేగా మీ మాస్టారు దీన్ని పలక పట్టుకుని కూచోబెట్టింది" అని నావైపు చూపించింది.

నేను మరిచిపోయాననుకున్నదాన్ని ఆవిడ అన్నేళ్లు దాచిపెట్టింది.

చందాలు పోగుచేసి కట్టారు. పూర్తయిందని కబురొస్తే పెద్దమ్మ రిక్షా కట్టించుకుని వెళ్లింది. కొబ్బరికాయ కొట్టమంటే, ఉండండ్రా అని ముందు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల్నుంచి గడియ పడుతోందో లేదో రెండుసార్లు వేసి తీసి చూసుకుని, అప్పుడు బయటికొచ్చి కొబ్బరికాయ అందుకుంది.