అడిగే గోడ

గోడలు మాట్లాడటం మనకు కొత్తేం కాదు. కోచింగ్ సెంటర్ ర్యాంకులు, మొలల వైద్యం, నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు... మన ఊళ్లలో అవి నోరు మూసిందెప్పుడు? కానీ 'నీకేం కావాలి?' అని మనల్ని అడిగిన గోడ ఒక్కటీ నా కంటపడలేదు.

అలాంటి గోడ 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో వెలిసింది. క్యాండీ చాంగ్ అనే కళాకారిణి తల్లిలాంటి మనిషిని హఠాత్తుగా పోగొట్టుకుంది. ఆ దుఃఖంలోంచే ఈ ఆలోచన పుట్టింది. తానుండే పేటలో పాడుబడ్డ ఇల్లొకటి ఉంది. అందరి అనుమతులూ తీసుకుని, స్నేహితుల సాయంతో దాని గోడకు బ్లాక్‌బోర్డు రంగు వేసింది. 'చనిపోయేలోపు నాకు... ఉంది' అని, మధ్యలో ఖాళీ వదిలి, ఒకే వాక్యాన్ని వరసలు వరసలుగా అచ్చుగుద్దింది. పక్కన సుద్దముక్కలు పెట్టింది. అంతే.

మర్నాటికల్లా ఖాళీలు నిండి, రాతలు అంచుల దాకా పాకాయి. సముద్రపు దోపిడీ కేసులో బోనెక్కాలని ఉందట ఒకాయనకు, సముద్రపు దొంగ వేషంలోనే వచ్చి మరీ రాశాడు! ఒకరికి చెట్టు నాటాలని ఉంది. ఇంకొకరికి ఆమెను మరొక్కసారి దగ్గరకు తీసుకోవాలని ఉంది. ఆ 'ఆమె' ఎవరో, అసలు ఉందో లేదో గోడ చెప్పదు. చెప్పకపోవడమే మేలు. కింద సంతకం పెట్టాల్సి వస్తే మనం నలుగురూ మెచ్చే కోరికే రాస్తాం. పైగా సుద్దరాత వానకు పోతుందన్న ధీమా ఒకటి.

కళాకారిణి యోకో ఓనో 1996 నుంచి ఊరూరా ఏర్పాటు చేస్తున్న 'కోరికల చెట్టు' తీరు వేరు. అక్కడ కోరికను చీటీ మీద రాసి కొమ్మకు కడతారు. చిన్నతనంలో జపాన్ గుళ్లలో చెట్లకు కట్టిన కాగితపు ముడులే ఆమెకు ప్రేరణ. మన చిలుకూరు బాలాజీ భక్తులు చీటీ కూడా రాయరు. మనసులో అనుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. వీసా కోసం తిరుగుతున్నాడో, సంబంధం కోసమో పక్కవాడికి తెలియదు. ఆ భారం దేవుడిది. గోడ మీద రాసిన కోరికను తీర్చడానికి మాత్రం ఎవరూ లేరు, రాసినవాడు తప్ప. నాకు గోడే ఎక్కువ నచ్చడానికి కారణం అదే.

ఆ తర్వాత అలాంటి గోడలు 70కి పైగా దేశాల్లో 5,000 పైచిలుకు వెలిశాయి. ఖర్చెంతని? డబ్బా రంగు, నాలుగు సుద్దముక్కల పెట్టెలు, నిండినప్పుడల్లా కడిగే మనిషి. మన దగ్గర ఏ కాలేజీయో, మునిసిపాలిటీయో పూనుకుంటే సంతోషమే. ఒక్కటే మనవి: దాని పక్కన దాతల ఫొటోలతో ఫ్లెక్సీ కట్టకండి.