గట్టు మీది గడ్డిచామంతి

నల్లమల అంచున ఉన్న యర్రగొండపాలెం పరిసరాలలో మిరప చేలకు కలుపు తీసే రోజులలో ఒక దృశ్యం కానవస్తూ ఉంటుంది. కూలికి వచ్చిన స్త్రీ గడ్డిచామంతిని పెకలించి గట్టు మీదికి విసరివేస్తుంది. అంతలో కొడవలి తగిలి వేలు తెగితే, ఆమె చేయి ఆ గట్టు వైపే సాగుతుంది. నాలుగు ఆకులు నలిపి, పసరు గాయం మీద పిండి, గుడ్డపీలికతో కట్టుకొని తిరిగి పనిలో నిమగ్నమవుతుంది.

పసుపుపచ్చని బొడ్డు చుట్టూ తెల్లని రేకులతో పూచే ఈ మొక్కకు మన నేల పుట్టినిల్లు కాదు, మెట్టినిల్లు. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలకు చెందినది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో దీనికి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని నామకరణం చేశాడు. కనుక దీని గుణాన్ని మన ప్రాచీన తాళపత్రాలు నేర్పి ఉండవు. పొలం పనులు చేసేవారే వాడి చూచి తెలుసుకొని ఉండాలి.

గాయమైన చోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు మొదలైన పదార్థాలను విడుదల చేస్తుంది. అందువల్ల ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలుగుతాయి. ఇది శరీరం చేసుకొనే రక్షణే అయినా, హద్దు మీరితే బాధగా పరిణమిస్తుంది. గడ్డిచామంతిలోని లుటియోలిన్, క్వెర్సెటిన్ అనే ఫ్లావనాయిడ్లకు ఇటువంటి పదార్థాల ఉత్పత్తిని తగ్గించే శక్తి ఉన్నట్లు ప్రయోగశాలలలో వెల్లడైంది. ఈ మొక్క సారాన్ని ఇచ్చినప్పుడు ఎలుకల పాదాలలోని వాపు తగ్గింది. విల్లో చెట్టు బెరడు కథ కూడా ఇటువంటిదే. జనం తరతరాలుగా నొప్పికి వాడిన ఆ బెరడే ఆస్పిరిన్ తయారీకి దారి చూపింది. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకొంటుందని 1971లో నిరూపించిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఎలుకకు మేలు చేసినదంతా మనిషికి మందు కాజాలదు. మోతాదు ఎంతో, హాని ఏమిటో తేలవలసి ఉంటుంది. లోతైన గాయానికి మట్టి అంటిన ఆకు కడితే ధనుర్వాతం సోకే ప్రమాదం ఉన్నది. అక్కడ వైద్యుడు, టీకా తప్పనిసరి.

మరొకవైపు కలుపుమందుల వాడకంతో చేతితో కలుపు తీసే పని తగ్గుతున్నది. గడ్డిచామంతి మొండి మొక్క. ఎక్కడో ఒకచోట మళ్ళీ మొలుస్తుంది. కాని ఆకును చూడగానే గుర్తించే ఆ తల్లి అనుభవం తరువాతి తరానికి అందకపోతే మళ్ళీ చిగురించదు. ఆమె చెప్పినది శ్రద్ధగా విని, పిదప పరీక్షించి నిజం తేల్చవలసినవారు నేటి విద్యార్థులే.