అంబరియా స్టేషన్ నుంచి రైలు ఎక్కడికి?

మదీనాలో ఒకనాడు మస్జిదె నబవీలో అసర్ నమాజు ముగించుకొని మేము అంబరియా వైపు వెళ్లాము. హిజాజ్ రైల్వే పాత రాతి స్టేషన్ ఇప్పుడు అక్కడ మ్యూజియంగా ఉంది. బోగీని చూసి మా మనవడు అడిగాడు: “దాదా, ఈ రైలు ఎక్కితే ఎక్కడికి వెళ్తాం?”

ఒకప్పుడైతే “డమాస్కస్‌కు” అని ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లం. సుల్తాన్ అబ్దుల్ హమీద్ 1900లో ఈ మార్గాన్ని తలపెట్టారు. హజ్ యాత్రతో పాటు సైన్యం రాకపోకలు కూడా ఆయన ఉద్దేశమే. మన దేశపు ముస్లింలు సహా ఎందరో విరాళాలు పంపారు. 1908లో రైలు మదీనా చేరింది. ఒంటెల బిడారుకు సుమారు నలభై రోజులు పట్టే దాదాపు 1,300 కిలోమీటర్ల దూరం కొద్ది రోజుల ప్రయాణమైంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టాలు పేల్చివేతకు గురయ్యాయి. అదే కాలంలో, 1916లో, బ్రిటన్, ఫ్రాన్స్‌లు సైక్స్-పికో రహస్య ఒప్పందంతో ఈ ప్రాంతాన్ని పటం మీద పంచుకున్నాయి. తుది సరిహద్దులు అచ్చంగా ఆ గీతల ప్రకారమే రాలేదు. పంపకం మాత్రం జరిగింది. 1920లో సాన్ రెమో సమావేశం సిరియాను ఫ్రాన్స్‌కు, పాలస్తీనాను, ఇరాక్‌ను బ్రిటన్‌కు అప్పగించింది. అక్కడ నివసించే ప్రజల సమ్మతి ఎవరికీ అవసరమనిపించలేదు.

1923లో లోజాన్‌లో ఆ రెండు ప్రభుత్వాలు ఈ రైల్వే ధార్మిక స్వభావాన్ని అంగీకరించాయి. అయినా తమ ఏలుబడిలోని భాగాలను తమ చేతుల్లోనే ఉంచుకున్నాయి. 1948 తర్వాత హైఫా శాఖ మరో సరిహద్దు అవతల మిగిలింది. 1960లలో మొదలైన పునర్నిర్మాణం 1967 యుద్ధంతో ఆగిపోయింది. ఇనుప పట్టా విరిగితే అతకవచ్చు. ఒక్కో ముక్కకు ఒక్కో యజమాని ఏర్పడినప్పుడు అతకడం ఎవరి తరం?

నేడు జోర్డాన్‌లోనే ఇరవై లక్షలకు పైగా పాలస్తీనా శరణార్థులు నమోదై ఉన్నారు. గీసినవారు వెళ్లిపోయారు, గీతలకు అటూ ఇటూ కుటుంబాలు మిగిలాయి. తప్పంతా పరాయివారిదే అని కూడా అనలేము. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గీతలను గోడలుగా పెంచుకున్నది మనవారే.

మనవడి చేయి పట్టుకొని, “ఇప్పుడు ఎక్కడికీ వెళ్లదు నాయనా” అన్నాము. “మరి ఎవరు నడుపుతారు?” అన్నాడు వాడు. మగ్రిబ్ అజాన్ వినిపించింది. జవాబు బాకీ ఉంచుకొనే మస్జిద్ వైపు నడిచాము.