ఖాకీకి బిల్లు

2021 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హిల్డా అండ్ జెస్సీ అనే హోటల్, తుపాకులు చూసి మా పనివాళ్లకు ఇబ్బందిగా ఉందంటూ టిఫినుకొచ్చిన ముగ్గురు పోలీసులను లేపి పంపేసింది. గొడవ ముదిరాక క్షమాపణ చెప్పింది. 2023 మొదట్లో అదే ఊళ్లో రీమ్స్ అనే బేకరీ మీద ఇదే రచ్చ నడిస్తే, యూనిఫారం, ఆయుధం ఉన్నవాళ్లకు అమ్మకపోవడం మా పద్ధతేనంది. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి హోటల్లోకి రానివ్వకపోవడాన్ని నిషేధించింది గానీ ఆ జాబితాలో చేసే ఉద్యోగం లేదు. మనవాళ్లు ఇలాంటివి చదివి, ఎంత పొగరు అంటారు. నేను మాత్రం తిరుపతి బస్టాండు చుట్టుపక్కల ఇడ్లీ బండ్ల గురించి ఆలోచిస్తాను.

అక్కడ చిక్కు అమ్మననడం కాదు, అమ్మినదానికి డబ్బులడగలేకపోవడం. రాత్రి పొద్దుపోయాక ఖాకీ చొక్కా వచ్చి రెండు దోసెలు పార్సిల్ కట్టమంటే, బండాయన చట్నీ ఇంకో పొట్లం ఎక్కువేసి "పర్లేదు సార్, పోండి" అంటాడు. ఆ మర్యాదలో ముప్పావు వంతు భయమే. బండి ఎప్పుడు మూయాలో చెప్పేది ఆ సారే, దారికడ్డమని పెట్టీ కేసు రాసేదీ ఆ సారే. వీధి వ్యాపారులను పోలీసులైనా సరే అడ్డుకోగూడదని 2014 చట్టంలో 27వ సెక్షన్ ఉంది. అదీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే. రెండు దోసెల కోసం ఏసీబీ దాకా పోయేదెవరు? రీమ్స్ చేసింది నాకు నచ్చదు. కానీ పోలీసుకు కాదని చెప్పి మర్నాడు కొట్టు తెరవగలిగింది చూడండి, నాకు కావలసింది ఆ ధైర్యం.

యూనిఫారం చూసి అమ్మననడం అంటరానితనం లాంటిదే కదా అని అడగొచ్చు. కులం, మతం, లింగం చూసి కొట్లలోకి, హోటళ్లలోకి రానివ్వకపోవడం కూడదని మన రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం. రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన నేల మీద ఈ అనుమానం రావడం న్యాయమే. అయితే యూనిఫారం డ్యూటీ దిగాక కొక్కేనికి తగిలించేది, కులం అలా విప్పేది కాదు. అట్లాగని చొక్కా చూసి గెంటేయమనను. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయాక తమిళనాడులో మన ఆర్టీసీ బస్సుల మీద రాళ్లు పడ్డాయి. కాల్చినవాళ్లెవరు, దెబ్బ తగిలిందెవరికి?

తిరుమల గరుడసేవ నాడు పక్క జిల్లాల నుంచి బందోబస్తుకొచ్చి గంటల తరబడి నిలబడే కానిస్టేబులుకు ఒక ప్లేటు ఉప్మా పెడితే తప్పేముంది అనేవాళ్లూ ఉన్నారు. పెట్టడంలో తప్పు లేదు. డ్యూటీ శాఖ వేస్తే, తిండి ఖర్చు బండాయన మీద పడటమే తప్పు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. సీఐ తన పరిధిలోని బండ్లవాళ్లను పిలిచి, మావాళ్ల దగ్గర కూడా డబ్బులు తీసుకోండి, ఇవ్వకపోతే నాకు చెప్పండి అంటే చాలు. అట్లా చెప్పినవాడి బండి మర్నాడు కూడా అదే చోట ఉండాలి.