పొగకు దారిచ్చాం, మరి గాలికి?

చలికాలం పొద్దున్నే మీ ఇంట్లో స్నానానికి నీళ్లు దేనిమీద కాగుతాయి? నారాయణరావుపేటలో మా ఇంట్లో ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే. వంటంతా గ్యాసు మీదే చేస్తాను. కానీ ఆరుగురి స్నానాలకూ గ్యాసే అంటే సిలిండరు ఎన్నాళ్లొస్తుంది చెప్పండి? చేన్లో పత్తికట్టె, మక్క బెండ్లు ఉండనే ఉంటాయి. అందుకే పెరట్లో చిన్న గది, అందులో పొయ్యి, దానిమీద కాగు.

పోయిన చలికాలం ఆ పొయ్యికి పొగ గొట్టం పెట్టించాం. మా అత్తమ్మ కోసమే. ఏళ్ల తరబడి ఊదుగొట్టం ఊది ఊది ఆమె కళ్లు ఎప్పుడూ నీళ్లు కారుతూనే ఉంటాయి. దగ్గు సరేసరి. మేస్త్రీ వచ్చి నాలుగంగుళాల సిమెంటు గొట్టం గోడలోంచి బయటికి తీసి, చూరు కిందే ఆపేశాడు. మేమూ చూసి మురిసిపోయాం.

మర్నాడు పొయ్యి వెలిగిస్తే సగం పొగ గదిలోకే వచ్చింది. “గొట్టమైతే పెట్టిచ్చినవు గని, పొగ నన్నే దేవులాడుకుంట వస్తుంది బిడ్డా” అని నవ్వింది అత్తమ్మ. కొత్తది కదా, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

వారం తర్వాత చలి బాగా ముదిరింది. అత్తమ్మ తలుపేసుకుని పొయ్యి దగ్గర చలి కాచుకుంటోంది. కిటికీకి గోనెసంచి కట్టింది కూడా మేమే. నేను నీళ్లకని వెళ్లేసరికి గోడకు ఒరిగి ఉంది. “తల తిరుగుతుందే, కాళ్లల్ల సత్తువ లేదు” అంది. అప్పుడు గదిలో పొగ కూడా లేదు, నిప్పులే ఉన్నాయి! గబగబా బయటి గాలిలోకి తెచ్చి, సిద్దిపేటలో డాక్టరమ్మకు చూపించాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “తలుపులు మూసి ఉన్నాయా?” గాలి చాలక నిప్పు అరకొరగా మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. సాయంత్రానికి అత్తమ్మ కోలుకుంది గానీ, ఇంకాసేపు ఆలస్యమై ఉంటేనో? తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

తర్వాత ఒక ముసలి మేస్త్రీని పిలిపించాం. ఆయన ఒక్క మాటలో తేల్చాడు. “అమ్మా, నూనె డబ్బాకు ఒకటే చిల్లు కొడితే నూనె మంచిగ పడతదా? ఇంకో దిక్కు రెండో చిల్లు కొడితేనే గద ధార కట్టేది!” నిజమే కదా! వేడికి గొట్టంలోని గాలి తేలికై పైకి పోతుంది. పోయినదానికి బదులు గదిలోకి కొత్త గాలి రావాలి. రాకపోతే గొట్టం లాగడం మానేస్తుంది. ఆస్ట్రియా, జర్మనీ లాంటి చలి దేశాల్లో రంపపు పొట్టును గుళికలుగా నొక్కి, ఇల్లు వెచ్చబరిచే బాయిలర్లలో మండిస్తారు. ఆ పెద్ద యంత్రానికైనా పొగ పోయే గొట్టం, గాలి వచ్చే దారి రెండూ ఉండాల్సిందే. మా కాగు పొయ్యికీ అదే సూత్రం.

మేం చేసిన మార్పులు మీకూ పనికొస్తాయి:

• గొట్టాన్ని నిటారుగా తీసి, నడికొప్పు కంటే రెండడుగులు పైకి పెంచాం. చూరు కింద ఆగితే గాలి తిరగబడి పొగను వెనక్కి నెడుతుంది. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది.

• వాన పడకుండా పైన టోపీ పెట్టాం, పొగ పోయేంత సందు వదిలి. వాసాలకు గొట్టం తగలనివ్వలేదు.

• నేలకు జానెడెత్తున గోడకు రంధ్రం చేసి, ఎలుకలు, పాములు రాకుండా జాలీ బిగించాం. ఎంత చలైనా దాన్ని మూయం.

• నెలకోసారి, పొయ్యి చల్లారాక, గొట్టంలో మసి దులుపుతాం. పేరుకున్న మసి దారి మూసేస్తుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా.

పొద్దున గొట్టం చల్లగా ఉంటుంది. ముందు దాని అడుగున కాగితం ముక్క మండించి వేడెక్కించండి. ఆపైన పొయ్యి నోటి దగ్గర అగరుబత్తి పట్టి చూడండి. పొగ లోపలికి వంగితే సరే. మీ మొహం మీదికొస్తే ఎక్కడో దారి మూసుకుందన్నమాట.

ఇదేం కొత్త విద్య కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు పొగలేని వంటిళ్ల గురించి 1953లోనే పుస్తకం రాశారు. 1980ల్లో మొదలైన పొగలేని పొయ్యిల జాతీయ పథకం 2002లో ఆగిపోయింది. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో గ్యాసు వచ్చింది. అయినా 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మరణాలకు ఇళ్లలోని పొగ, కలుషిత గాలే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

మాకు కట్టెల పొయ్యి లేదుగా అని పేజీ తిప్పేయకండి. మూసిన స్నానాలగదిలో గ్యాసు గీజరు వెలిగినా ప్రమాదం ఇదే. దాన్ని గది బయట బిగించుకోవడమే మేలు. లోపలే ఉంటే వెంటిలేటర్ తెరిచి, బకెట్ నిండాక గీజరు ఆపి, ఆ తర్వాతే స్నానం చేయండి. తల తిరిగినా, వికారమనిపించినా ముందు బయటి గాలిలోకి రండి, ఆపైన డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు అత్తమ్మ మళ్లీ పొయ్యి దగ్గరే కూర్చుంటుంది. అలవాటుగా నేను తలుపు దగ్గరికి వేయబోతే, “చలి పెడితే ఇంకో చెద్దరు కప్పుకుంట గని, ఆ తలుపు మూయకు బిడ్డా” అంటుంది. మరి మీ ఇంట్లో గాలి వచ్చే దారి ఎక్కడుందో ఈరోజే ఒకసారి చూసుకుంటారు కదూ?