నాన్న పక్కసీట్లో.. వుడ్‌వర్డ్ మీద

డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికొస్తుంటే కిటికీలోంచి చూస్తూ నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "బండ్లన్నిటికీ ముగ్గు పూసినట్టుందేంటమ్మా?"

ఫిబ్రవరి నెలాఖరు. మంచు గడ్డకట్టకుండా ఇక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది ఎండిపోయి టైర్ల దగ్గర్నుంచి అద్దాల దాకా తెల్లగా పట్టేస్తుంది. అదే చెప్పాను. నాన్న నలభై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు నడిపిన మనిషి. నమ్మలేనట్టు నా వైపు చూసి, "ఇనుము మీద ఉప్పా? వీళ్లకేమన్నా పిచ్చా?" అన్నాడు.

ఇంకో వింత చెప్పనా? డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతులో పెద్ద ఉప్పు గని ఉంది. అక్కడ తవ్విన ఉప్పుని రోడ్లకే వాడతారు. పైన కార్లు చేసే ఊరు, కింద ఆ కార్లని తినే ఉప్పు.

అప్పటికి నాన్నకి చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఉప్పు తిని తిని, తర్వాత పదకొండేళ్లు ఎవరి షెడ్డులోనో పడుకున్న బండి ఒకటి మా ఇంటి గ్యారేజీలో ఉంది. 1967 ఫోర్డ్ మస్టాంగ్.

రెండు డోర్లు, పొడుగాటి ముక్కు, పొట్టి వెనక భాగం. లోపల 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్. మన లెక్కలో 4.7 లీటర్లు. మూడు అంబాసిడర్ ఇంజన్లు కలిపినా దీనికి కాస్త తక్కువే. కొత్తలో 200 హార్స్‌పవర్. బండి నంబరు '7ఎఫ్' అని మొదలవుతుంది. 7 అంటే 1967 మోడల్, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. నేనుండే ట్రాయ్ నుంచి డియర్‌బోర్న్ అరగంట పైచిలుకు. అంటే పుట్టిన ఊరు దాటి పెద్దగా పోలేదన్నమాట.

దీన్ని మజిల్ కార్ అంటే ఇక్కడి పెద్దమనుషులు కొందరు ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో మామూలు సైజు బండిలో పెద్ద ఇంజన్ ఇరికిస్తేనే మజిల్ కార్, 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓలాగా. మస్టాంగ్ 'పోనీ కార్' అంటారు. అనుకోనివ్వండి. స్టార్ట్ చేస్తే గ్యారేజీలో రేకుల డబ్బాలు కదులుతాయి. నాకది చాలు.

మా ఆయన మాత్రం, "దీనికి పోసిన డబ్బుతో ఊళ్లో స్థలం వచ్చేది" అంటాడు. నిజమే, వచ్చేది.

గ్యారేజీ తలుపు పైకి లేచాక నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బాగుందనలేదు, బాలేదనలేదు. మోకాళ్ల మీద కూర్చుని డ్రైవర్ వైపు కార్పెట్ ఎత్తాడు. కింద ఫ్లోర్ ఉండాల్సిన చోట మా గ్యారేజీ గచ్చు కనిపించింది.

"దీంట్లోకి పైనించి నీళ్లు దిగుతున్నాయి" అన్నాడు.

ఆ కాలపు మస్టాంగ్‌లకి ఇది పుట్టుకతో వచ్చిన రోగం. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే సందులుంటాయి. వాన నీళ్లు, ఆకులు అందులో పడి, లోపలి రేకు తుప్పు పడుతుంది. పైకి ఏమీ కనపడదు. నీళ్లు మాత్రం కాళ్ల దగ్గరికి కారతాయి. నాన్న డ్యాష్‌బోర్డ్ కింద వెల్లకిలా పడుకుని టార్చి పట్టుకున్నాడు, నేను పైనుంచి చెంబుతో నీళ్లు పోశాను. మూడో చెంబుకి లోపల్నుంచి తిట్టు వినపడింది. మొహం మీదే పడ్డాయి.

అమెరికా వచ్చిన అమ్మానాన్నల సంగతి మీకు తెలిసిందే. పగలంతా ఇంట్లో బందీలు. బస్సు ఉండదు, నడిచే మనిషి కనపడడు, టీవీ చూసి చూసి కళ్లు కాయలు కాస్తాయి. రెండో నెలకి టికెట్ ముందుకు జరపమంటారు. మా నాన్న ఆ నీళ్లు పడ్డ రోజు నుంచి పొద్దున్నే లుంగీ మీద స్వెట్టర్ వేసుకుని గ్యారేజీలో ఉండేవాడు. నేను ఆఫీసు లాప్‌టాప్ మూసేసి సాయంత్రం చేరేదాన్ని.

ఇక్కడొక మాట చెప్పాలి. నేను పనిచేసేది కార్ల బ్రేకుల మీదే. ఏబీఎస్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. బండి జారినప్పుడు ఏ చక్రానికి ఎంత ప్రెషర్ పోవాలో స్క్రీన్ మీద చూస్తాను. కానీ చేత్తో ఒక బ్రేక్ డ్రమ్ము విప్పింది ఈ గ్యారేజీలోనే. చిన్నప్పుడు స్కూల్ అయ్యాక నాన్న షెడ్డుకి పోయేదాన్ని, క్యారియర్ ఇవ్వడానికి. ఇచ్చి వెంటనే వచ్చేయాలి. అన్నయ్య చేతికి స్పానర్ ఇచ్చాడు, వాడికి అది ఇష్టం లేదు. నాకిష్టం, నా చేతికి క్యారియర్ ఇచ్చాడు. అన్నయ్య ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు.

మార్చి, ఏప్రిల్ అంతా తుప్పుతోనే సరిపోయింది. ఫ్లోర్ రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేశాం. ఇక్కడ వీటికి దొరకని పార్టు లేదు. ఫోర్డ్ అనుమతితో పాత మస్టాంగ్ బాడీకి బాడీనే కొత్తగా చేసి అమ్ముతున్నారు. నాన్నకి ఇది మింగుడు పడలేదు. ఆటోనగర్‌లో పార్టు లేకపోతే లేత్ మీద తయారు చేసుకుంటారు, ఇక్కడ ఫోన్‌లో ఆర్డర్ పెడతారు. థర్మోస్టాట్ దగ్గర గాస్కెట్ చిరిగితే నేను ఫోన్ తీశాను. ఆయన గాస్కెట్ పేపర్ ఆ భాగం మీద పరిచి, సుత్తి గుండ్రటి వైపుతో అంచు వెంట టకటకా కొట్టాడు. అంచు ఎక్కడుంటే అక్కడ పేపర్ తెగిపోయింది. రెండు నిమిషాల పని. తర్వాతది నాతో కొట్టించాడు. నేను మూడు పేపర్లు పాడుచేశాను, ఏమీ అనలేదు.

నా ప్లాన్ వేరు. నాకు పవర్ కావాలి. కార్బొరేటర్ పీకేసి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడదామని కిట్ కూడా కొనేశాను. నాన్న ఆ అట్టపెట్టె చూసి, "ముందు దీనికి ఆగడం నేర్పు. పరిగెత్తడం తర్వాత చూద్దాం" అన్నాడు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. నీళ్లు తగిలితే సరిగ్గా పట్టవు, వరసగా తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతాయి, ఒక్కోసారి బండిని ఒక పక్కకి లాగుతాయి. అంబాసిడర్లతో గడిపిన మనిషికి ఇదంతా చేతి గీతల్లాగా తెలుసు. ముందు చక్రాలకి డిస్కులు వేశాం, వాటికి సరిపడే మాస్టర్ సిలిండర్ వేశాం. నడుముకే ఉన్న సీటు బెల్టులు తీసేసి భుజం మీదుగా వచ్చేవి బిగించాం. పాత రబ్బరు పెట్రోల్ పైపులన్నీ మార్చాం. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతారు, అది పాత రబ్బరుని తినేస్తుంది.

బ్రేకుల్లో ఎయిర్ తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. నాన్న కింద, నేను పైన. "కొట్టు.. కొట్టు.. పట్టు!" మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి ఒక్కోటీ చేసుకుంటూ వస్తున్నాం. మూడో చక్రం దగ్గర పెడల్ తొక్కిపట్టి అడిగేశాను. "అప్పుడు నన్ను షెడ్డులోకి ఎందుకు రానివ్వలేదు నాన్నా?"

కింద నుంచి చాలాసేపు చప్పుడు లేదు.

"వదలకు, అట్నే పట్టు" అన్నాడు. నట్టు బిగించాక లేచి చేతులు తుడుచుకుంటూ, "అక్కడ మగాళ్లు మాట్లాడే మాటలు నీ చెవిన పడకూడదనుకున్నాను. అయినా నీకు దీంతో పని పడుతుందని ఎవరనుకున్నారు?" అన్నాడు.

ఆ జవాబు నాకు సరిపోలేదు. ఇప్పటికీ సరిపోదు. నాలుగో చక్రం దగ్గర మాత్రం నన్ను కిందికి పంపి, తను పెడల్ ఎక్కాడు.

జూన్‌లో ఇంజన్ స్టార్ట్ చేసే రోజు పక్కింటి పెద్దాయన వచ్చాడు. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. ఫోర్డ్‌కి పోటీ కంపెనీ. నాన్న డిస్ట్రిబ్యూటర్ చూపించి "డెల్కో, డెల్కో" అంటున్నాడు. మన వైపు పాత మెకానిక్‌లు డిస్ట్రిబ్యూటర్‌ని అలాగే అంటారు. ఆయన పగలబడి నవ్వాడు. డెల్కో అంటే డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ, తర్వాత జనరల్ మోటార్స్‌లో కలిసిపోయింది. ఫోర్డ్ బానెట్ కింద తన కంపెనీ పేరు వినపడేసరికి ఆయనకి పండగ. ఇన్నేళ్లూ నాకు అది తెలుగు మాటలాగే వినపడింది.

ఆ సంతోషంలో స్పార్క్ ప్లగ్ వైర్లు తనే చెప్పి పెట్టించాడు. దీని ఫైరింగ్ ఆర్డర్ 1-5-4-2-6-3-7-8. అది సరిగ్గానే చెప్పాడు. కానీ ఏ సిలిండర్‌ది ఏ నంబరు? షెవర్లేలో ఒక వైపు బేసి అంకెలు, ఇంకో వైపు సరి అంకెలు. ఫోర్డ్‌లో కుడి వైపు 1 నుంచి 4, ఎడమ వైపు 5 నుంచి 8. ఆయన అలవాటు కొద్దీ వాళ్ల లెక్కే చెప్పాడు, నేను పెట్టేశాను. తాళం తిప్పగానే కార్బొరేటర్ నోట్లోంచి 'ఢబ్' మని మంట! నా కనుబొమ్మలు ఓ పక్క మాడాయి. నాన్న నన్ను రెక్క పట్టి వెనక్కి లాగాడు. ఆ మంట కంటే ఆయన మొహం చూసి ఎక్కువ భయపడ్డాను. ఆ తర్వాత గోడ మీద సుద్దముక్కతో ఎనిమిది సిలిండర్ల బొమ్మ గీశాడు. ఇప్పటికీ తుడపలేదు. మీరెవరైనా ఈ పని చేస్తే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే చోట పెట్టుకోండి, నాలాగా రెండో రోజు కొనకండి.

వైర్లు మార్చాక మొదటి ప్రయత్నంలోనే అందుకుంది. కానీ ఐడిల్‌లో దగ్గుతోంది. నాన్న ఒక రబ్బరు పైపు ముక్క తీసుకుని ఒక చివర చెవిలో, ఇంకో చివర కార్బొరేటర్ దగ్గర పెట్టాడు. ముందున్న రెండు స్క్రూలని మెల్లగా పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలాడు. అక్కణ్నుంచి పావు చుట్టు, అరపావు చుట్టు. పైపు నా చెవికి ఇచ్చి "ఇప్పుడు విను" అన్నాడు. మొదట హోరు తప్ప ఏమీ తెలియలేదు. వారం రోజులు రోజూ చెడగొట్టి మళ్లీ నాతో సరిచేయించాడు. ఏ రోజో సరిగ్గా చెప్పలేను గానీ, ఆ హోరులో ఒక కుంటి అడుగు వినపడింది. స్క్రూ తిప్పితే ఆ కుంటి పోయింది.

ఇంజెక్షన్ కిట్ వాపస్ పంపేశాను. దాన్నేమీ తక్కువ చేయట్లేదు, చలికాలం స్టార్టింగ్‌కి, మైలేజీకి అదే మంచిది. తీరా చూస్తే నాన్నే అదే పెట్టమన్నాడు. "నేను పోయాక ఒక్కదానివే అవస్థ పడతావు" అని. నేనే వద్దన్నాను.

మిషిగన్‌లో 26 ఏళ్లు దాటిన బండికి హిస్టారిక్ ప్లేట్ ఇస్తారు. చవక. కానీ ప్రదర్శనలకీ పరేడ్‌లకీ తప్ప మామూలుగా తిప్పకూడదు. ఒక్క ఆగస్టు నెల మాత్రం మినహాయింపు. నాన్న ఫ్లైటు ఆగస్టు రెండో వారం. అందుకే ఆగస్టు ఒకటిన సాయంత్రం బండి బయటికి తీశాం. నేను స్టీరింగ్ దగ్గర, నాన్న పక్కసీట్లో. లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూనే ఉన్నాడు దారంతా.

వుడ్‌వర్డ్ అవెన్యూ డెట్రాయిట్ నది ఒడ్డు దగ్గర మొదలై పాంటియాక్ ఊరి దాకా పోతుంది. ఆ జీటీఓ పుట్టింది ఆ ఊళ్లోనే. 1909లో ఈ రోడ్డు మీదే ఒక మైలు కాంక్రీట్ వేశారు. అరవైలలో రాత్రిళ్లు కుర్రాళ్లు సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పందేలు వేసుకునేవాళ్లు. అడ్డంగా వచ్చే రోడ్లకి పేర్లు మైళ్ల లెక్కే. ఎమినెమ్ సినిమా '8 మైల్' చూశారా? ఆ ఎనిమిదో మైలు దాటితే డెట్రాయిట్ నగరం. పెద్ద సెంటర్లలో ఎడమకి నేరుగా తిరగనివ్వరు. ముందుకి పోయి, యూటర్న్ కొట్టి వెనక్కి రావాలి. నాన్నకి ఈ పద్ధతి ఎంత నచ్చిందో, బెంజ్ సర్కిల్లో పెట్టాలన్నాడు.

బర్మింగ్‌హామ్, రాయల్ ఓక్, ఫెర్న్‌డేల్. ఫుట్‌పాత్ మీద మడత కుర్చీలు వేసుకుని ముసలివాళ్లు బండ్లు చూస్తూ కూర్చున్నారు. మాకు చేతులూపారు. నాన్న మొదట నా వైపు చూశాడు, వాళ్లు ఊపుతున్నది మనకేనా అన్నట్టు. తర్వాత ఆయనా ఊపాడు.

ఎనిమిదో మైలు దాటి హైలాండ్ పార్క్ దాకా వెళ్లాం. 1913లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్ మొదలుపెట్టింది అక్కడే. బండి మనుషుల దగ్గరికి రావడం, మనిషి నిలబడ్డ చోటే ఒకే పని చేయడం. ఇప్పుడు పాత ఇటుకల భవనాలు, పక్కన 'మోడల్ టి ప్లాజా' అని షాపులు. నాన్న దిగి గోడ దాకా నడిచాడు. "రోజంతా ఒకటే నట్టు బిగించేవాళ్లా?" అన్నాడు. అవునన్నాను. "నావల్ల కాదు" అని వచ్చి కూర్చున్నాడు.

పది రోజుల తర్వాత ఎయిర్‌పోర్ట్‌లో దించి వచ్చాను.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. 1995లో ఫెర్న్‌డేల్‌లో ఒక ప్లంబర్, పిల్లల సాకర్ మైదానానికి డబ్బు కోసం మొదలుపెట్టిన సంబరం. ఇప్పుడు పాత బండ్లు ఆ రోడ్డు నిండా బారులు తీరతాయి. నేనూ వెళ్లాను. బంపర్‌కి బంపర్ తగిలేంత రద్దీలో, ఎండలో గంటసేపు పాకాక ఇంజన్ మళ్లీ దగ్గడం మొదలుపెట్టింది. బర్క్‌లీ దగ్గర ఒక పార్కింగ్‌లోకి తిప్పి, బానెట్ ఎత్తి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదైంది.

"ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టు" అన్నాడు. పెట్టాను.

"బండి ఆపేశావేంటమ్మా? ఏమీ వినపడట్లేదు."

ఆపలేదు. ఈ ఫోన్లకి మన మాట తప్ప మిగతాదంతా రొద కిందే లెక్క. ఇంజన్ చప్పుడు మొత్తం ఫోనే మింగేసింది. సెట్టింగ్‌లలో వెతికాను, దొరకలేదు. నాన్న అవతల నుంచి "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

"ఉండు నాన్నా" అని ఫోన్ ఫెండర్ మీద పెట్టి, డాష్ బాక్స్‌లోంచి రబ్బరు పైపు తీశాను.